బయోయాక్టివ్ ఫిల్లింగ్: పంటికి మేలు సరే, నమిలితే ఎన్నాళ్ళు ఆగుతుంది?

ఇక్కడ ఆస్ట్రేలియాలో డెంటిస్టు దగ్గరికి వెళ్ళినవాళ్ళకు ఈ మధ్య తరచుగా వినబడుతున్న మాట "బయోయాక్టివ్". పుచ్చిన పన్ను శుభ్రం చేసి అందులో పెట్టే ఫిల్లింగ్ ఊరికే గుంత పూడ్చి కూర్చోదని, చుట్టూ ఉన్న పంటికి కాల్షియం, ఫాస్ఫేటు, ఫ్లోరైడు అందిస్తూ ఉంటుందని చెబుతారు. వినడానికి బాగానే ఉంటుంది. చాలావరకు నిజం కూడా. కానీ దవడ పళ్ళతో రోజూ మూడు పూటలా నమిలేవాళ్ళు అడగాల్సిన రెండో ప్రశ్న ఒకటి ఉంది: అది ఎన్నాళ్ళు ఉంటుంది?

ఈ ప్రశ్నకు ఇక్కడ విలువ ఎక్కువ. పెద్దవాళ్ళ పళ్ళ ఖర్చు మెడికేర్ భరించదు. ఎక్స్‌ట్రాస్ ఇన్సూరెన్సు ఉన్నా కొంతే తిరిగి వస్తుంది, మిగతాది చేతి సొమ్మే. డబ్బు కంటే పెద్ద నష్టం ఇంకొకటి ఉంది. ఫిల్లింగ్ ఊడిన ప్రతిసారీ, మార్చిన ప్రతిసారీ గుంత ఇంకాస్త పెద్దదవుతుంది. ఈసారి చిన్న ఫిల్లింగ్, వచ్చేసారి పెద్ద ఫిల్లింగ్, ఆ తర్వాత రూట్ కెనాల్, దాని మీద క్రౌను. ఈ మెట్లు ఎంత నెమ్మదిగా దిగితే పంటికి అంత ఆయుష్షు.

ముందు మాట సంగతి చూద్దాం. "బయోయాక్టివ్" దంతవైద్యంలో పుట్టిన మాట కాదు. 1969లో అమెరికాలోని ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో లారీ హెంచ్ అనే శాస్త్రవేత్త ఎముకకు అతుక్కుపోయే ఒక గాజును తయారుచేశారు. శరీర ద్రవాలు తగలగానే ఆ గాజు మీద ఎముకలో ఉండే ఖనిజం లాంటి పొర ఏర్పడుతుంది, దాంతో ఎముక దాన్ని తనదిగా పట్టుకుంటుంది. బయోయాక్టివ్ అంటే అసలు అర్థం అది. పళ్ళ సరుకు అమ్మే కంపెనీలు ఆ మాటను బాగా సాగదీశాయి. కొన్ని పదార్థాలు నిజంగానే ఖనిజ పొరను కట్టిస్తాయి. కొన్ని ఫ్లోరైడు వదలడం వరకే. రెండింటి డబ్బా మీదా ఒకే మాట కనబడవచ్చు.

ఈ కుటుంబానికి పెద్ద దిక్కు గ్లాస్ అయనొమర్. మనవాళ్ళు "పన్ను సిమెంటు" అనే వాటిలో ఇదొకటి. లండన్‌లోని ప్రభుత్వ రసాయన పరిశోధనాలయంలో అలన్ విల్సన్, బ్రయాన్ కెంట్ దీన్ని తయారుచేసి 1972లో దంతవైద్య లోకానికి పరిచయం చేశారు. ఇంటర్ కెమిస్ట్రీలో చదువుకున్న ఆమ్ల క్షార చర్యే ఇది. ఒకపక్క ఫ్లోరైడు కలిసిన గాజు పొడి, ఇంకోపక్క పాలీఎక్రిలిక్ ఆమ్లం. రెండూ కలపగానే ఆమ్లం గాజును కొంచెం కరిగిస్తుంది, అందులోంచి వచ్చిన కాల్షియం, అల్యూమినియం అయాన్లు ఆమ్లపు గొలుసులను ముడివేస్తాయి, ముద్ద గట్టిపడుతుంది. అదే ఆమ్లం పంటిలోని కాల్షియాన్ని కూడా పట్టుకుంటుంది కాబట్టి ప్రత్యేకంగా జిగురు లేకుండానే పంటికి అంటుకుంటుంది. దీన్ని మెరుగుపరచడంలో, వాడుకలోకి తేవడంలో ఆస్ట్రేలియా పాత్ర తక్కువేం కాదు. ఎడిలైడ్‌కు చెందిన గ్రాహమ్ మౌంట్ దీని మీద ఏకంగా ఒక అట్లాసు రాశారు. 1972లోనే మెల్‌బోర్న్‌లో పుట్టిన ఎస్‌డీఐ అనే కంపెనీ రీవా పేరుతో ఈ సిమెంట్లను అమ్ముతోంది.

రెండో వంశం రెజిన్ కాంపోజిట్. తెల్లగా, పంటి రంగులో, నీలి లైటు వేయగానే గట్టిపడేది. దీనికి ఆధారమైన రెజిన్‌ను అమెరికాలో రాఫెల్ బోవెన్ తయారుచేసి 1962లో పేటెంటు పొందారు. ఇది ప్లాస్టిక్‌లో గట్టి గాజు రేణువులు పొదిగిన పదార్థం. బలంగా ఉంటుంది, నునుపుగా ఉంటుంది, కానీ తనంతట తాను పంటికి అంటుకోదు. మధ్యలో బాండింగ్ అనే జిగురు పొర తప్పనిసరి. పంటికి ఇచ్చేది కూడా ఏమీ లేదు.

ఇప్పుడు "బయోయాక్టివ్ రెజిన్" అంటున్నవి ఈ రెండింటికీ కుదిర్చిన సంబంధాలు. రెజిన్ బలం, సిమెంటు దానగుణం ఒకేచోట ఉండాలన్నది కోరిక. అమెరికాలోని పల్ప్‌డెంట్ కంపెనీ యాక్టివా, జపాన్‌లో షోఫూ కంపెనీ చేసే బ్యూటిఫిల్ రకాలు, ఐవోక్లార్ వారి సెన్షన్ ఈ కోవలోవే. హైదరాబాదు, విజయవాడల్లో ఫిల్లింగ్ చేయించుకుని వచ్చినవాళ్ళకు సెన్షన్ ఎన్ అన్న పేరు చెవిన పడే ఉంటుంది.

చిక్కు ఇక్కడే ఉంది. ఫిల్లింగ్‌లోంచి అయాన్లు బయటికి రావాలంటే లోపలికి నీరు వెళ్ళాలి. నీరు వెళ్ళాలంటే రెజిన్‌కు నీటిని పీల్చే గుణం ఉండాలి, అందులోని గాజు కొంచెం కరిగేదై ఉండాలి. నీరు పీల్చే రెజిన్ మెత్తబడుతుంది. కరిగే గాజు రేణువు చుట్టూ పట్టు వదులవుతుంది. అంటే పంటికి మేలు చేసే గుణం, ఫిల్లింగ్‌ను బలహీనపరిచే గుణం ఒకే తలుపులోంచి వస్తున్నాయి. ఈ పదార్థాలు తయారుచేసేవాళ్ళ పనంతా ఆ తలుపు ఎంత తెరవాలి అన్న లెక్కే. ఇచ్చేది కూడా ఎప్పుడూ ఒకేలా ఉండదు. గ్లాస్ అయనొమర్ మొదటి ఒకటి రెండు రోజులు ఫ్లోరైడు ధారాళంగా వదులుతుంది, తర్వాత బాగా తగ్గిపోతుంది. ఆపైన మన టూత్‌పేస్టులోని ఫ్లోరైడును కొంత పీల్చుకుని మళ్ళీ వదులుతుంది. ఫ్లోరైడు లేని పేస్టు వాడుతూ బయోయాక్టివ్ ఫిల్లింగ్ వేయించుకోవడం, నూనె పోయకుండా దీపం పెట్టడం లాంటిది.

ఇక నమలడం. పన్ను పన్నుకు తగిలి అరగడం ఒకటి, మధ్యలో ఉన్న ఆహారం గరుకు కాగితంలా రుద్దడం రెండోది, పదేపదే పడే బరువుకు లోపల సన్నని పగుళ్ళు పుట్టి పెరగడం మూడోది, ఆమ్లాలు పైపొరను మెత్తబరచడం నాలుగోది. నోట్లో ఇవన్నీ ఒకేసారి జరుగుతాయి. మన సొంత పంటి పింగాణీ కూడా అరుగుతుంది. బెల్జియంలోని లూవెన్‌లో లాంబ్రెక్ట్స్ బృందం 1989లో ప్రచురించిన కొలతల ప్రకారం, పై పన్ను కింది పన్నుకు తగిలే చోట పెద్ద దవడ పళ్ళు ఏడాదికి సుమారు 29 మైక్రాన్లు, వాటి ముందున్న చిన్న దవడ పళ్ళు సుమారు 15 మైక్రాన్లు అరుగుతాయి. ఒక తలవెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లనుకుంటే, అంత అరగడానికి పెద్ద దవడ పంటికి రెండేళ్ళ పైన పడుతుందన్నమాట. ఫిల్లింగ్ కూడా దాదాపు ఇదే వేగంతో అరిగితే మంచిది. ఎక్కువ అరిగితే గుంత పడుతుంది, మరీ గట్టిదైతే ఎదుటి పన్నును తినేస్తుంది.

దీన్ని ప్రయోగశాలలో పరీక్షించడానికి నమిలే యంత్రాలున్నాయి. ఒక రకం యంత్రంలో సుమారు 5 కిలోల బరువుతో ఒక కృత్రిమ కొన ఫిల్లింగ్ మీద పడి జారుతుంది. మధ్యమధ్య 5 డిగ్రీల చల్లని నీళ్ళు, 55 డిగ్రీల వేడి నీళ్ళు పోస్తారు. 12 లక్షల సార్లు నమిలిస్తే అయిదేళ్ళకు సమానమని అంచనా. నన్ను ఆకట్టుకున్నది ఆహారం బదులు వాళ్ళు వాడే సరుకు. ఆమ్‌స్టర్‌డామ్‌లో తయారైన యాక్టా యంత్రంలో బియ్యం, చిరుధాన్యం గింజల పొట్టు కలిపి రుబ్బిన ముద్ద పోస్తారు. అమెరికాలోని ఓరెగాన్ యంత్రంలో గసగసాలు నూరి, ప్లాస్టిక్ పూసలతో కలుపుతారు. మన వంటింటి డబ్బాలన్నీ అక్కడికి చేరాయి!

అయితే ఈ యంత్రాల మాటను ఎంతవరకు నమ్మాలన్నది వేరే సంగతి. 2005లో ప్రచురితమైన ఒక పరిశీలనలో పది రకాల ఫిల్లింగ్ పదార్థాలను అయిదు వేర్వేరు యంత్రాల్లో పరీక్షించారు. ఏది ఎక్కువ అరిగింది, ఏది తక్కువ అరిగింది అన్న వరస యంత్రాన్ని బట్టి మారిపోయింది. కాబట్టి బ్రోషరులో "పింగాణీతో సమానంగా అరుగుదల" అని చూస్తే, ఏ యంత్రంలో అని అడగబుద్ధి వేస్తుంది. నోటిలో వేసి, ఏళ్ళ తరబడి మనుషులను చూసిన పరిశీలనలకే ఎక్కువ విలువ ఇవ్వాలి.

అలాంటి పరిశీలనల్లో ఒకటి యాక్టివా గురించి 2019లో వచ్చింది. స్వీడన్, డెన్మార్క్ పరిశోధకులు ఒకే మనిషి నోట్లో ఒక పంటికి యాక్టివా, ఇంకో పంటికి మామూలు కాంపోజిట్ పెట్టి పోల్చారు. యాక్టివాను అప్పటి కంపెనీ సూచన ప్రకారమే, పన్నును కొద్దిసేపు ఆమ్లంతో శుభ్రంచేసి, విడిగా బాండింగ్ లేకుండా వేశారు. రెండు పళ్ళ మధ్య నుంచి నమిలే ముఖం దాకా వచ్చిన గుంతల్లో, ఏడాది తిరిగేసరికి యాక్టివా ఫిల్లింగులు 24.1 శాతం విఫలమయ్యాయి. మామూలు కాంపోజిట్ 2.5 శాతం. ఎందుకు పోయాయో చూస్తే ఇంకా ఆశ్చర్యం. అరిగి కాదు. కొన్ని ఊడిపోయాయి, కొన్ని చోట్ల నొప్పి తగ్గలేదు, కొన్నిటి అంచున మళ్ళీ పుచ్చు మొదలైంది. పుచ్చును అడ్డుకుంటుందన్న పదార్థం అంచునే! బాండింగ్‌తో కలిపి వేసి చూసిన ఇతర పరిశీలనల్లో ఇంత నష్టం కనబడలేదు కాబట్టి పదార్థాన్నే పూర్తిగా తప్పు పట్టడం న్యాయం కాదు. కానీ "ఇది బయోయాక్టివ్, తనే అంటుకుంటుంది" అన్న ధీమా మీద వేసినప్పుడు ఏమైందో ఆ అంకె చెబుతోంది.

మామూలు కాంపోజిట్ సంగతి చెప్పుకోవాలంటే, దవడ పళ్ళలో ఏడాదికి నూటికి ఒకటి నుంచి మూడు పోతాయని పాత పరిశీలనలన్నిటినీ కలిపి చూసిన సమీక్షలు చెబుతున్నాయి. అవి కూడా అరుగుదల వల్ల పోవడం ఇప్పుడు అరుదు. విరగడం, అంచున తిరిగి పుచ్చడం, ఈ రెండే ప్రధాన కారణాలు. పాతరోజుల కాంపోజిట్లలో పెద్ద రేణువులుండేవి, అవి రాలిపోయి ఫిల్లింగ్ త్వరగా అరిగేది. ఇప్పటి రేణువులు ఒక మైక్రాన్‌కు లోపే ఉంటున్నాయి.

గ్లాస్ అయనొమర్ వైపునుంచి కూడా ఒక మంచి కబురు ఉంది. టర్కీలోని అంకారాలో హాజెట్టెపే విశ్వవిద్యాలయంలో 59 మందికి 140 ఫిల్లింగులు వేశారు. సగం ఈక్వియా అనే గట్టిరకం గ్లాస్ అయనొమర్, పైన రెజిన్ పూతతో. సగం కాంపోజిట్. పదేళ్ళ తర్వాత చూస్తే రెండూ ఇంచుమించు ఒకేలా నిలబడ్డాయి. 59 మంది అంటే చిన్న సంఖ్యే, గుంతలు కూడా మరీ పెద్దవి కావు. అయినా, సిమెంటు అంటే తాత్కాలికమే అనే పాత అభిప్రాయాన్ని ఇది కదిలించింది.

మన మెల్‌బోర్న్ కథ ఇంకొకటి. మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయంలో ఎరిక్ రెనాల్డ్స్ పాలలోని కేసీన్ ప్రోటీన్ ముక్కలతో కాల్షియం ఫాస్ఫేటును కరిగే రూపంలో పట్టి ఉంచే పదార్థాన్ని తయారుచేశారు. రీకాల్డెంట్ అంటే అదే. టూత్ మూస్ అనే క్రీములో ఉండేదీ అదే. ఆయనకు 2017లో ప్రధానమంత్రి ఆవిష్కరణ బహుమతి వచ్చింది. ఆ పదార్థాన్ని గ్లాస్ అయనొమర్‌లో కలిపితే ఏమవుతుందో 2003లో అక్కడివాళ్ళు ప్రచురించారు. 1.56 శాతం కలిపితే నలిగిపోకుండా తట్టుకునే బలం 23 శాతం, పంటికి అంటుకునే బలం 33 శాతం పెరిగాయి. మేలు చేసేది కలిపితే బలం తగ్గాలని లేదు, మోతాదు కుదరాలి అనడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు కనబడలేదు. ఆ తర్వాత ఫూజీ సెవెన్ ఈపీ అనే సరుకులో 3 శాతం దాకా కలిపి అమ్మకానికి తెచ్చారు. అయినా దాన్ని దవడ పంటిలో పెద్ద గుంత నింపడానికి వాడరు. ఆరేళ్ళ పిల్లలకు అప్పుడే చిగురులోంచి తొంగిచూస్తున్న దవడ పంటి గీతల మీద పూతగా వేస్తారు. గులాబీ రంగులో కూడా వస్తుంది, చూసి కంగారుపడకండి. పాల అలర్జీ ఉన్న పిల్లలయితే మాత్రం ముందే చెప్పాలి, ఇందులో ఉన్నది పాల ప్రోటీనే.

దీన్నిబట్టి ఎక్కడ ఏది అన్నది నాకు ఇలా అర్థమైంది. పాలపళ్ళకు ఫిల్లింగ్ జీవితాంతం ఉండక్కర్లేదు. ఆరేళ్ళ పాపకు ఆ దవడ పన్ను పదకొండో ఏటనో పన్నెండో ఏటనో ఎలాగూ ఊడుతుంది. నోరు తెరిచి కదలకుండా కూర్చోలేని వయసులో తడికి కొంత ఓర్చుకునే సిమెంటు నయం. పెద్దవాళ్ళలో చిగురు జారి, వేరు బయటపడి అక్కడ పుచ్చినప్పుడు కూడా అంతే. ఆ చోట నమిలే బరువు పడదు, ఫ్లోరైడు అవసరం ఎక్కువ. బీపీ, షుగరు మందులతో నోరు ఎండిపోయే అమ్మానాన్నలకు ఇది బాగా వర్తిస్తుంది. నమిలే ముఖం మీద, అందులోనూ రెండు పళ్ళ మధ్యకు దిగిన పెద్ద గుంతకు మాత్రం బాండింగ్‌తో జాగ్రత్తగా వేసిన కాంపోజిట్‌నే నేను ఇప్పటికీ ముందు అడుగుతాను. లోపల సిమెంటు, పైన కాంపోజిట్ పొరగా వేసే పద్ధతి కూడా ఉంది, శాండ్‌విచ్ అంటారు. రాత్రిళ్ళు పళ్ళు కొరికే అలవాటున్నవాళ్ళకు ఏ పదార్థమైనా కష్టమే, నైట్ గార్డు గురించి అడగాలి.

మన తిండి మాట రాక తప్పదు. పులుసు, పచ్చళ్ళు, నిమ్మకాయ మనకు నిత్యం. పింగాణీ సుమారు 5.5 పీహెచ్ దిగువన కరగడం మొదలవుతుంది. గ్లాస్ అయనొమర్‌కు కూడా ఆమ్లాలు పడవు. ప్రయోగశాలలో కోలా కంటే కమలా, ఆపిల్ రసాలే దాన్ని ఎక్కువ పాడుచేశాయి, ఎందుకంటే పండ్లలోని ఆమ్లాలు కాల్షియాన్ని లాగి పట్టుకుంటాయి. చింతపండులోని టార్టారిక్ ఆమ్లమూ ఆ జాతిదే. తమాషా ఏమిటంటే ఇదే టార్టారిక్ ఆమ్లాన్ని గ్లాస్ అయనొమర్ ద్రవంలో కొద్దిగా కలుపుతారు, ముద్ద చప్పున గట్టిపడటానికి. పులుసు మానేయమని కాదు. అన్నంతో కలిపి తిని, పైన మజ్జిగన్నం తినే మన పద్ధతిలో నోరు త్వరగానే కోలుకుంటుంది. గంటల తరబడి నిమ్మరసం చప్పరిస్తూ కూర్చోవడం, బుగ్గన వక్కపలుకు పెట్టుకోవడం అసలు ఇబ్బంది. ఇంట్లో ఆర్వో ఫిల్టరు పెట్టుకున్నవాళ్ళు అది నీటిలోని ఫ్లోరైడును కూడా తీసేస్తుందని గుర్తుంచుకోవాలి.

ఇప్పుడు బిల్లు. ఇక్కడ డెంటిస్టులు ఆస్ట్రేలియన్ డెంటల్ అసోసియేషన్ ఐటం నంబర్లతో కోట్ ఇస్తారు. దవడ పంటికి అంటుకునే రకం ఫిల్లింగ్ ఒక ముఖానికి 531, రెండు ముఖాలకు 532, మూడింటికి 533. గ్లాస్ అయనొమర్ వేసినా, కాంపోజిట్ వేసినా, బయోయాక్టివ్ రెజిన్ వేసినా నంబరు ఇదే. అంటే బిల్లు చూసి మీ నోట్లో ఏముందో తెలుసుకోలేరు. నోరు తెరిచి అడగాలి: "పదార్థం పేరేమిటి? బాండింగ్ వేస్తున్నారా? ఈ చోట ఎందుకు ఇదే?" మంచి డెంటిస్టు ఎవరూ ఈ ప్రశ్నలకు విసుక్కోరు. పాదరసం ఉన్న వెండి ఫిల్లింగ్ వేయరా అని కొందరు పెద్దవాళ్ళు అడుగుతుంటారు. అది అరుగుదలకు గట్టిదే, కానీ పాదరసం మీద మినమాటా ఒప్పందాన్ని ఆస్ట్రేలియా 2021 డిసెంబరులో ఆమోదించింది. 15 ఏళ్ళలోపు పిల్లలకు, గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు దాన్ని వాడకూడదని ఆ ఒప్పంద దేశాలు 2022లో నిర్ణయించాయి.

పిల్లల విషయంలో చైల్డ్ డెంటల్ బెనిఫిట్స్ షెడ్యూలు ఉంది. 2014 నుంచి నడుస్తోంది. మెడికేర్ ఉండి, ఫ్యామిలీ టాక్స్ బెనిఫిట్ పార్ట్ ఏ లాంటి చెల్లింపు ఏడాదిలో ఒక్కరోజైనా అందిన కుటుంబాల్లో 17 ఏళ్ళ వయసు వరకు పిల్లలకు, రెండు క్యాలెండరు ఏళ్ళకు కలిపి వెయ్యి డాలర్లు దాటిన మొత్తం దొరుకుతుంది. ఫిల్లింగులు, ఎక్స్‌రేలు, క్లీనింగు అందులోకి వస్తాయి. అర్హత ఉందో లేదో మైగవ్‌లోని మెడికేర్ ఖాతాలో కనబడుతుంది.

ఇండియా వెళ్ళినప్పుడు పళ్ళ పని చేయించుకునేవాళ్ళు పదార్థం పేరు, తేదీ, ఏ పన్నో ఒక కాగితం మీద రాయించుకుని ఫోటో తీసుకోండి. ఇక్కడి డెంటిస్టు ఆ ఫిల్లింగ్‌ను మరమ్మతు చేయాలా, మొత్తం తీయాలా అని చూసేటప్పుడు అది పనికొస్తుంది. గ్లాస్ అయనొమర్ వేయించుకున్న రోజు ఆ పక్కన గట్టివి నమలకండి, అది పూర్తి బలం పుంజుకోవడానికి సమయం పడుతుంది. తర్వాత క్లీనింగుకు వెళ్ళినప్పుడు ఆమ్ల గుణం ఉన్న ఫ్లోరైడ్ జెల్ కాకుండా న్యూట్రల్ రకం వాడమని హైజీనిస్టుకు చెప్పండి. ఆమ్ల జెల్ ఆ సిమెంటు పైపొరను గరుకుగా చేస్తుంది.